రెండు ఆర్ల పన్నెండు

2024 జూలై ఒకటో తారీఖు పొద్దున ఏడింటికి ఫోను మోగింది. మా మండల కేంద్రంలో బస్టాండు పక్కన ఇడ్లీ బండి నడిపే ఆవిడ. "మేడం, మావోడు ఏడుస్తా కూచున్నాడు. పింఛను డబ్బులు పుచ్చుకోనంటన్నాడు. సచివాలయం ఆయన ఇంకా గుమ్మంలోనే నిలబడున్నాడు. మీరొక్క మాట చెప్పండి" అంది.

వాడికప్పుడు పందొమ్మిదేళ్లు. మేధో వైకల్యం ఉంది. ఏడేళ్ల వయసులో, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం గుంటూరు జిల్లాలో నడిచే మా భవిత కేంద్రానికి వచ్చాడు. అప్పటినుంచీ లెక్కలు నా దగ్గరే. వాడి పేరు రాయను. ఆ ఊళ్లో తల్లీ కొడుకూ తలెత్తుకుని బతుకుతున్నారు, వాళ్ల పేర్లు పేపరుకెక్కించే హక్కు నాకు లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

అంతకుముందు నెల దాకా దివ్యాంగుల పింఛను మూడు వేలు. అంటే ఐదు వందల నోట్లు ఆరు. ఆ ఆరూ వాడే సరిచూసుకోవాలని ఏడాదిన్నర పాటు పట్టుబట్టి నేర్పాను. ఒక అట్టముక్క మీద నోటు కొలతకి ఆరు గడులు గీసిచ్చాను. గడికొక నోటు పెట్టాలి. అట్ట నిండితే డబ్బు సరిపోయినట్టు. గడి ఖాళీగా ఉంటే "ఇంకా" అని చెయ్యి చాపాలి. ఆ జూలై నుంచి పింఛను ఆరు వేలైంది. వాడు ఆరు గడులూ నింపాడు. అట్ట నిండింది. సచివాలయం ఆయన చేతిలో ఇంకో ఆరు నోట్లున్నాయి. "ఇయ్యి కూడా నీయేరా" అని అమ్మ అంటోంది, ఆయనా అంటున్నాడు, గోడవతల నుంచి పక్కింటాయనా అంటున్నాడు. వాడు ఒప్పుకోలేదు. అట్ట నిండిపోయాక ఇచ్చేది తనది కాదు. పరాయి సొమ్ము చేతిలో కుక్కుతున్నారని ఏడ్చాడు.

ఫోనులో వాడికి నచ్చజెప్పలేకపోయాను. సాయంత్రం అలాంటిదే ఇంకో అట్ట పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. రెండూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క నోటే మళ్లీ మొదటినుంచి పేర్పించాను. ఒకటి నిండింది, రెండోదీ నిండింది. "రెండు ఆర్ల పన్నెండు" అన్నాను. పక్కింట్లో చిన్నపిల్ల ఎక్కాలు వల్లిస్తుంటే చెవిన పడ్డ మాటే కాబట్టి, వాడూ ఆ రాగంతోనే అన్నాడు. నోట్లు ఎత్తి అమ్మకిచ్చాడు.

ఆరు తెలియడమంటే ఏమిటో ఆ రోజు వాడి ఏడుపులో చూశాను. ఆరు దాటినది ఆరు కాదని తెలియడం, అంతమందీ ఒకటే మాటంటున్నా దాని మీద నిలబడడం. పుస్తకంలో 6 అని వంద సార్లు రాసిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. వాళ్లకి ఏడో నోటు ఇస్తే పుచ్చుకుంటారు, ఐదే ఇచ్చినా పుచ్చుకుంటారు.

ఈ తేడా నాకు మొదటినుంచీ తెలుసని చెబితే అబద్ధమవుతుంది. 2018లో వాడు ఎనిమిదో తరగతి. వారంలో కొన్ని రోజులు భవితకి వచ్చేవాడు, మిగతా రోజులు పక్కనే ఉన్న హైస్కూల్లో చివరి బెంచీలో కూర్చునేవాడు. ఒకరోజు వాడి లెక్కల నోటుపుస్తకం తీసి చూశాను. పరిమేయ సంఖ్యల పాఠం. బోర్డు మీదున్నది ఉన్నట్టు, గీత పక్కకి పోకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో దించాడు. ప్రతి పేజీ చివర ఎర్ర సిరాతో టిక్కు. తిరగేసి చూస్తే వెనక పేజీల్లో నేను రాయించినవి, ఒకటి నుంచి వంద వరకూ అంకెలు. ఆ పక్క పేజీలో మళ్లీ ఒకటి నుంచి వంద. మూడు పెన్సిళ్లు తెచ్చిపెట్టమని అడిగాను. డబ్బాలో ఉన్నవన్నీ గుప్పిట్లో పట్టుకొచ్చి సంతోషంగా నా బల్ల మీద పెట్టాడు.

ఆరేళ్లు నా దగ్గర చదువుకున్న పిల్లవాడు. హైస్కూలు మాస్టారు పాఠం చెబుతుంటే వాడు బొమ్మలాగా దించుకున్నాడంటే ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు. నేను చేసిందీ అదే. అంకెల ఆకారాలు గీయడం నేర్పి, లెక్క నేర్పాననుకున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకం అడుగుతారు, అందులో పేజీలు నిండి ఉండాలి. తల్లిదండ్రులకూ కంటికి కనపడేది అదే. మావాడు వంద దాకా రాస్తాడండీ అని చెప్పుకోవడానికి ఉంటుంది. అందరికీ తృప్తి. పిల్లవాడు మాత్రం మూడు పెన్సిళ్లు తేలేడు.

మర్నాటి నుంచి పుస్తకం మూసేశాను. హైస్కూలు హెడ్మాస్టరు గారిని బతిమాలి మధ్యాహ్న భోజనంలో వాడికొక పని ఇప్పించాను. గుడ్డు పెట్టే రోజుల్లో తన తరగతికి గుడ్లు వంటగదినుంచి వాడే తేవాలి. ఎన్ని తేవాలో తెలియదు కదా? అందుకు చింతపిక్కలు. వరసలో కూర్చున్న ఒక్కొక్కరి ముందు ఆగి, డబ్బాలో ఒక్కొక్క పిక్క వేసుకోవాలి. ఆ డబ్బా వంటావిడ దగ్గరికి తీసుకెళ్లి పిక్క ఆమె చేతిలో పెట్టాలి, గుడ్డు తీసుకోవాలి. పిక్కకొక గుడ్డు. అంకె పేరు లేదు, రాత లేదు. ఎవరికైనా నంబరు అన్నది ముందు ఇలాగే పుడుతుంది. మనకి చిన్నప్పుడే, ఎవరూ నేర్పకుండానే జరిగిపోయింది కాబట్టి గుర్తులేదు.

మొదటి వారం రెండు గుడ్లు పగిలాయి. వంటావిడ విసుక్కుంది, తర్వాత సర్దుకుంది. మూడో వారమనుకుంటా, గుడ్లు పంచేశాక ఒక పిల్లాడు ఆలస్యంగా వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. మావాడు వాడి ఖాళీ కంచం వైపు చూశాడు, డబ్బా వైపు చూశాడు. లేచి వంటగదికి వెళ్లి "ఒకటి" అన్నాడు. అంతే, ఒక్కటే మాట. అప్పటిదాకా వాడు అంకెలు చదవడమే గానీ, ఒక అంకెతో ఎవరినైనా ఏదైనా అడగడం నేను వినలేదు. ఒకటి నుంచి వంద దాకా రాసిన వాటన్నిటికంటే ఆ "ఒకటి" పెద్దది.

గుడ్ల అట్ట ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఒక వైపు ఆరు గుంటలు, ఇంకో వైపు ఐదు, మొత్తం ముప్పై. అందులోంచి ఆరు గుంటల వరస ఒకటి కత్తిరించి వాడికిచ్చాను. ఆరు గుడ్లు, ఆరు టమాటాలు, ఆరు నిమ్మకాయలు, ఏదైనా దాంట్లో సర్దేవాడు. పింఛను అట్టకి పుట్టిల్లు ఆ గుడ్ల అట్టే.

డబ్బు సంగతికొస్తే నేను చేసిన మొదటి తప్పు రంగులు నేర్పడం. "నీలం నోటు వంద" అని చెప్పాను. పాత వంద నోటు నీలి ఛాయలో ఉండేది కదా. అప్పటికే 2017లో కొత్త యాభై నోటు నీలం రంగులో వచ్చేసింది. 2018 జూలైలో కొత్త వంద వచ్చింది, అది లేత ఊదా. మావాడు కిరాణా కొట్టులో అరవై రూపాయల సరుకుకి నీలం యాభై నోటిచ్చి, చిల్లర కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. కొట్టాయన మోసం చేస్తున్నాడనుకుని గదమాయించాడు. ఆ నింద వాడిది కాదు, నాది. ప్రభుత్వం రంగు మారిస్తే మారిపోయే పాఠం పాఠం కాదు. అప్పటినుంచి నోటు మీది అంకె చూపించి నేర్పుతున్నాను, పక్కనే ఆ నోటుతో ఏమొస్తుందో చూపిస్తున్నాను. ఇరవైకి ఒక టీ, ఒక బిస్కట్ ప్యాకెట్. యాభైకి వాళ్లమ్మ బండి మీద ఒక ప్లేటు ఇడ్లీ, పైన చిల్లర.

ఇంకో మాట. మా కేంద్రానికి బోధనా సామగ్రిలో ప్లాస్టిక్ నాణేలు, పిల్లలాడుకునే దొంగ నోట్లు వస్తాయి. వాటితో నేర్పినంత కాలం ఒక్క పిల్లవాడూ కొట్టు దగ్గర నెగ్గలేదు. వాటి బరువు వేరు, చప్పుడు వేరు, పోతే ఎవరూ తిట్టరు. అసలు డబ్బు ముట్టుకుంటేనే వాళ్ల వేళ్లు జాగ్రత్తపడతాయి. అందుకని నా జీతంలోంచి నెలకి కొంత చిల్లర తీసి డబ్బాలో ఉంచుతాను. దానికొక పద్దు పెట్టించమని పై ఆఫీసులో అడిగితే, అలాంటి ఖర్చుకి హెడ్డు లేదన్నారు. ప్లాస్టిక్ నాణేలకి హెడ్డు ఉంది.

కొట్టుకెళ్లి డబ్బివ్వడానికి కూడికలు, తీసివేతలు అన్నీ రావాలనుకుంటాం. అక్కర్లేదు. ప్రత్యేక విద్యలో ఎప్పటినుంచో ఉన్న ఒక కిటుకు ఉంది, మేం దాన్ని "పై పది" అని పిలుచుకుంటాం. కొట్టాయన "ముప్పై నాలుగు" అన్నాడనుకోండి. ముప్పై వినపడగానే మూడు పదులు పెట్టి, ఇంకో పది కలిపి ఇచ్చేయాలి. నాలుగు మాటను పట్టించుకోనక్కర్లేదు. మిగిలింది చిల్లరగా తిరిగొస్తుంది. ఖచ్చితంగా ముప్పయ్యే అయినా నష్టం లేదు, ఒక పది నోటు వెనక్కొస్తుంది. నాలుగైదు పది నోట్లు, ఇరవై, ముప్పై, నలభై అన్న మాటలు. ఇంతే సామగ్రి. దీంతో ఒక పిల్లవాడు ఒంటరిగా కొట్టుకెళ్లి రాగలడు. ఈ పనిలో ఒక మెట్టు కూడా దాటలేని పిల్లలకి చివరి మెట్టు నుంచి మొదలుపెడతాం. అంతా నేనే చేసి, చిల్లర పుచ్చుకుని జేబులో వేసుకోవడం ఒక్కటే వాళ్లకి వదిలేస్తాను. అది వచ్చాక దాని ముందుది. పని పూర్తయిన సంతోషం మొదటి రోజునుంచే వాళ్లదవుతుంది.

"పై పది" పద్ధతికి తెలుగు అంకెల పేర్లు చాలా సాయం చేస్తాయి. పదమూడులో పదీ మూడూ వినపడుతున్నాయి. ముప్పై అన్న మాట చెవికి దానిలా వినపడదు. అదే ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ అంటే వినికిడి కొంచెం తక్కువున్న పిల్లవాడికి రెండూ ఒకటే. ఇప్పుడు బడుల్లో లెక్కలు ఇంగ్లీషులో నడుస్తున్నాయి. తక్కిన పిల్లలు రెండు పేర్లనీ మోయగలరు. నా పిల్లలు మోయలేరు. ఇంట్లో, బండి దగ్గర, సంతలో ఏ పేరు పలుకుతారో ఆ పేరే నేర్పాలని నేను అందరితో వాదిస్తాను. ఇడ్లీ బండి దగ్గర "టెన్" అనేవాళ్లుంటే టెన్ అనే నేర్పుతాను. నాకు భాష పట్టింపు లేదు. వాడి చెవికి అలవాటైన మాటే కావాలి.

ఎంత నేర్పినా కొట్టు దగ్గర నిలబడ్డాక సగం పని మన చేతిలో ఉండదు. పది రూపాయల నాణెం ఇస్తే "చెల్లదు" అనే వ్యాపారులు మన జిల్లాల్లో ఎంతమందో. అప్పటిదాకా వచ్చిన పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది. మామూలు మనిషైతే నాలుగు మాటలని ఇంకో నోటు తీస్తాడు. నా పిల్లవాడికైతే తను నేర్చుకున్నదే తప్పేమో అనిపిస్తుంది. ఆ నాణెం మళ్లీ జేబులోంచి తీయడు. నెల రోజుల చదువు ఒక్క "చెల్లదు"తో పోతుంది. చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టడం కూడా అంతే. "పై పది" ఇచ్చి చిల్లర కోసం చూసే పిల్లవాడికి చాక్లెట్ ఇస్తే, చిల్లరంటే చాక్లెట్ అనే నేర్చుకుంటాడు. వ్యాపారులకి దండం పెట్టి అడుగుతున్నాను, ఈ పిల్లలకి మాత్రం నాణేలే ఇవ్వండి, ఒక్కొక్కటీ పైకి చెబుతూ ఇవ్వండి.

ఫోను చెల్లింపులు వచ్చాక డబ్బు పాఠం ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. నా అనుభవంలో నగదు చేత్తో పట్టుకుని, తగ్గుతుంటే కళ్లారా చూడని పిల్లవాడికి ఫోనులో సొమ్ము నీళ్లలా పోతుంది. పైగా వాడి పిన్ను చుట్టుపక్కల నలుగురికి తెలిసే ఉంటుంది. అయితే ఆ యంత్రమే ఒక మేలూ చేసింది. ఇడ్లీ బండి మీద సౌండ్ బాక్స్ ఉంది. ఎవరైనా డబ్బేస్తే "ముప్పై రూపాయలు అందాయి" లాంటి మాట తెలుగులో గట్టిగా చెబుతుంది. మావాడు ఆ మాట వినగానే ముప్పై అని రాసున్న చీటీ తీసి తీగకి గుచ్చుతాడు. రోజుకి ఎన్నిసార్లో. ఏ టీచరూ అంత ఓపిగ్గా, ఒకే గొంతుతో, విసుక్కోకుండా చెప్పలేదు. వాళ్లమ్మ సాయంత్రం ఆ చీటీలు చూసి ఫోనులో పడ్డ సొమ్ము సరిచూసుకుంటుంది. ఇద్దరికీ పనికొచ్చింది.

కొలతల దగ్గర నాకు చదువు చెప్పింది ఒక పూలమ్మే ఇంటి అమ్మాయి. డౌన్ సిండ్రోమ్. తల్లి మల్లెలు కట్టి గుడి దగ్గర మూరల లెక్కన అమ్ముతుంది. అమ్మాయికి మూర వేయడం ఇష్టం. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా దండ పట్టి చక్కగా కొలిచేది. గొడవ ఎక్కడొచ్చిందంటే, తన చెయ్యి పొట్టి. కొన్నవాళ్లు మూర తక్కువైందని తల్లితో వాదన పెట్టుకున్నారు. తల్లి ఇక పిల్లని బుట్ట ముట్టుకోనివ్వలేదు. నేను వెళ్లి తల్లి మూరకి సరిగ్గా ఒక వెదురు పుల్ల కోయించాను, చివర ఎర్ర దారం చుట్టాను. మనిషి మనిషికీ మారే చేతికి బదులు అందరికీ ఒకటే పుల్ల. మనుషులు స్కేలు ఎందుకు కనిపెట్టుకున్నారో ఆ అమ్మాయికి నేను వేరే చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడు ఎవరైనా కొలత అడిగితే తనే పుల్ల ఎత్తి చూపిస్తుంది.

పావు, అర, ముప్పావు అన్న మాటలు కూడా బడిలో భిన్నాల పాఠం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, పావు కిలో ఉల్లిపాయలు, అర లీటరు పాలు ఇంట్లోనే ఉన్నాయి. మూర్ఛ మందులు వాడే పిల్లలు నా దగ్గర చాలామంది. వాళ్లకి "అర" అన్న మాట ఎంత ముఖ్యమో చెప్పలేను. అర మాత్ర వేసుకోవాల్సిన చోట పూర్తి మాత్ర మింగితే ఏమవుతుందో ఆ ఇళ్లలో తల్లులకి తెలుసు. పొద్దున గళ్లు, రాత్రి గళ్లు ఉన్న మందుల డబ్బా నింపడం నా తరగతిలో లెక్కల పాఠమే. అమ్మ ఫోను నంబరు పది అంకెలూ పాటలా చెప్పించడమూ లెక్కల పాఠమే. 2016 కృష్ణా పుష్కరాల రద్దీలో నా విద్యార్థి ఒకడు తప్పిపోయి, ఆ పది అంకెలతో గంటలో దొరికాడు.

ఇదంతా విని ఒక లెక్కల మాస్టారు నన్ను సూటిగా అడిగారు. "అమ్మా, అంటే ఈ పిల్లలకి కొట్టు లెక్క తప్ప అసలు గణితం వద్దంటారా? ముందే గిరి గీసేస్తున్నారే" అని. ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే అలా గిరి గీసి ఒక పిల్లవాడికి అన్యాయం జరగడం కళ్లారా చూశాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న అబ్బాయి. మాట ముద్దగా వస్తుంది, చెయ్యి వణుకుతుంది, పెన్ను నిలవదు. అర్థం కాదనుకుని ఒక బడిలో అతన్ని నాలుగేళ్లు పూసలు గుచ్చుతూ కూర్చోబెట్టారు. జవాబులు అట్టల మీద రాసి కంటితో చూపించమంటే, తన తరగతి లెక్కలన్నీ చేశాడు. ఆ అబ్బాయికి కావాల్సింది బీజగణితం, రాసిపెట్టే మనిషి, అదనపు సమయం. తెలివికి ఏ లోటూ లేకుండా అంకెల దగ్గరే తడబడే డిస్కాల్క్యులియా పిల్లలు వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ పేరు పెట్టి మరీ గుర్తించింది. వాళ్లని "మొద్దు" అనే మాట మన తరగతి గదుల్లోంచి ఇంకా పోలేదు.

కాబట్టి నేనంటున్నది ఎవరికీ తక్కువ నేర్పమని కాదు. పిల్లవాడు నిజంగా ఎక్కడున్నాడో అక్కడినుంచి ఎక్కించమంటున్నాను. ఇడ్లీ బండి అబ్బాయికి పరిమేయ సంఖ్యలు దించిపెట్టించడం ఎక్కువ నేర్పడం కాదు, ఏమీ నేర్పకపోవడం. గుడ్ల దగ్గర మొదలైనవాడు రెండు ఆర్ల పన్నెండు దాకా వచ్చాడంటే గుణకారం గడప తొక్కాడన్నమాట. ఇంకెక్కడిదాకా పోతాడో నేను చెప్పను, ఇంకొకరు చెబితే ఒప్పుకోను.

ఇందులో ఏదీ నేను కనిపెట్టింది కాదు. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, మేధో వైకల్యమున్న పిల్లల కోసం దశాబ్దాల కిందటే మదింపు పట్టికలు తయారుచేసింది. డబ్బు, కాలం లాంటివి వాటిలో ఉన్నాయి. మా శిక్షణలో అవన్నీ చదివాం. ఉద్యోగంలో చేరాక ఆ కాగితాలు బీరువాలోకి వెళ్లాయి, ఒకటి నుంచి వంద బయటికొచ్చింది. ప్రతి పిల్లవాడికీ ఏటా రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో లెక్కల గడి దగ్గర "1-100 రాయగలడు" అన్న లక్ష్యం ఎన్నేళ్లనుంచి తిరగరాస్తున్నామో చూసుకుంటే సిగ్గేస్తుంది. ఆ గడి నింపేటప్పుడు తల్లి పక్కన ఉండాలి. "మీవాడు వచ్చే ఏడాదికి ఏం చేయగలిగితే మీకు రాత్రి నిద్ర పడుతుంది?" అని అడగాలి. నన్నడిగితే ఆ ఒక్క ప్రశ్నతో పత్రం మొత్తం మారిపోతుంది. ఒక తల్లి నాతో "ఎవరైనా డబ్బులిస్తే ఎన్నిచ్చారో చెప్పగలిగితే చాలు మేడం, నేను పోయాక ఆడిని ముంచుద్దామనే వోళ్లే ఎక్కువ" అంది. అది రాస్తే లక్ష్యం. వంద దాకా రాయడం కాదు.

టీచర్ల సంగతి వేరే చెప్పాలి. ప్రాథమిక తరగతుల్లో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. నా రిజిస్టరులో అంతకంటే చాలా ఎక్కువ పేర్లున్నాయి. మంచం దిగలేని పిల్లల ఇళ్లకీ నేనే వెళ్లాలి. కొట్టు దగ్గర పాఠం అంటే ఒక్కో పిల్లవాడిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, వెనక నిలబడి, నోరు మూసుకుని ఓపిక పట్టడం. పది మందిని ఒకేసారి కొట్టుకి తోలుకెళ్లలేం. బడి దాటించి పిల్లవాడిని బయటికి తీసుకెళ్తే ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులని ప్రతిసారీ అడుగుతారు. నెలలో కొన్ని పూటలు బజారు పాఠానికని టైంటేబుల్లోనే రాసిస్తే ఆ ప్రశ్న పోతుంది. పైగా చట్టం ఇచ్చిన ఉచిత విద్య పద్దెనిమిదేళ్లకి ఆగిపోతుంది. వాడు రెండో అట్ట నేర్చుకునేనాటికి నా రిజిస్టరులో వాడి పేరు లేదు.

అయినా వాడు వస్తూనే ఉంటాడు. పొద్దున బండి దగ్గర ప్లేటుకి నాలుగు ఇడ్లీలు లెక్కన వాడే వడ్డిస్తాడు, పార్సిళ్లు కడతాడు. ఈమధ్య వాళ్లమ్మ చెప్పింది, అట్టలు తడిసి చినిగిపోయాయట. కొత్తవి చేసిస్తానంటే వాడు వద్దన్నాడు. నేల మీద చేత్తో గీతలు గీసినట్టు చూపించి, నోట్లు ఆరూ ఆరూ రెండు వరసలుగా పేర్చాడు.

ప్రతి నెలా ఒకటో తారీఖున ఇల్లిల్లూ తిరిగే సచివాలయం ఉద్యోగులకి నాదొక విన్నపం. ఆ పొద్దున మీకు ఎన్ని ఇళ్లున్నాయో, ఎంత తొందరో నాకు తెలుసు. వేలిముద్ర పిల్లవాడిది వేయించుకుని డబ్బు అమ్మ చేతికో నాన్న చేతికో ఇస్తే మీ పని త్వరగా అయిపోతుంది. కానీ ఆ సొమ్ము వాడి పేరు మీద వచ్చింది. దయచేసి నోట్లు వాడి చేతిలోనే పెట్టండి, కట్టగా కాకుండా ఒక్కొక్కటిగా. మధ్యలో తడబడితే మీరు అందుకోకండి, మొదటినుంచి మొదలుపెట్టనివ్వండి. మావాడికి పన్నెండు నోట్లు పేర్చుకోవడానికి మూడు నిమిషాలు పడుతుంది.